బడిని అంచనా వేయడానికి ఏది మేలు: పేరెంట్స్ మీటింగా, కమిటీ పుస్తకమా?

జూన్ దగ్గర పడితే చాలు, తెలిసినవాళ్లంతా ఇదే అడుగుతున్నారు: "ఆ బడిలో తల్లిదండ్రుల మాట వింటారా? ముందే ఎలా తెలుస్తుంది?" ఫీజులు, పదో తరగతి ఫలితాల గురించైతే ఎవరినడిగినా చెబుతారు. ఈ సంగతి మాత్రం లోపలికి వెళ్లి చూస్తేగానీ తెలీదు. 2025 జూన్‌లో మా పాపను ఆరో తరగతిలో వేసేటప్పుడు నేనూ ఈ ప్రశ్నతోనే రెండు బడులు తిరిగాను. ఒకటి మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు, ఇంకొకటి టౌన్‌లో ఉన్న ప్రైవేటు బడి.

ముందు పేరెంట్స్ మీటింగ్ సంగతి. ప్రైవేటు బడుల్లో ఇది ఎప్పటినుంచో ఉన్నదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2024 డిసెంబర్ 7న మెగా పీటీఎం (పేరెంట్ టీచర్ మీటింగ్) పేరుతో రాష్ట్రమంతా ఒకే రోజు పెట్టారు, 2025 జూలై 10న మళ్లీ పెట్టారు. మొదటిసారి పాప ఐదో తరగతిలో ఉంది. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడు లాగే ఆట, తర్వాత పిల్లలతో కలిసి భోజనం. సందడి బాగుంది, కానీ నాకు ఉపయోగపడింది మాత్రం టీచర్ పక్కన కూర్చున్న ఐదు నిమిషాలే. పాప భాగహారంలో మధ్యలో సున్నా వస్తే తడబడుతోందని ఆవిడ నోట్సు తెరిచి చూపించారు. అప్పటిదాకా నాకు మార్కులు తెలుసుగానీ తప్పు ఎక్కడ జరుగుతోందో తెలీదు. మన బిడ్డ ఒక్కదాని గురించి మాట్లాడుకోవడానికి పేరెంట్స్ మీటింగ్‌ను మించింది లేదు. తల్లిదండ్రులతో వేసే బడి కమిటీలో ఆ మాటలకు చోటుండదు.

అయితే ఆ మీటింగ్‌లో టీచర్ చెబుతారు, మనం వింటాం. మనం ఏదైనా అడిగితే "చూస్తామండీ" అంటారు. చూశారో లేదో తెలుసుకునే దారి లేదు.

కమిటీ పనికొచ్చేది అక్కడే. విద్యాహక్కు చట్టం (2009) 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సిందీ ఆ కమిటీయే. మనలో చాలామందికి ఇది తెలుసు. తెలిసి కూడా పెద్దగా పట్టించుకోం, ఎందుకంటే చాలాచోట్ల కమిటీ పేరుకే ఉంటుంది. ఛైర్మన్ ఎన్నిక పార్టీల గొడవగా మారుతుంది. సమావేశం జరక్కుండానే తీర్మానాలు రాసే పుస్తకం ఇంటింటికీ పంపి సంతకాలు పెట్టించుకునే బడులూ ఉన్నాయి. ఇదంతా తెలిసే నేను కమిటీ వైపు మొగ్గుతున్నాను. కారణం ఆ పుస్తకమే. అందులో రాసింది అందులోనే ఉంటుంది. మనం చదువుకోవచ్చు.

హైస్కూలుకు వెళ్లినప్పుడు హెడ్మాస్టరు గారిని తీర్మానాల పుస్తకం చూడొచ్చా అని అడిగాను. కొంచెం ఆశ్చర్యపోయినా తీసి ఇచ్చారు. మొదటి కొన్ని పేజీల్లో "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" తప్ప ఏమీ లేదు. అన్నీ ఒకే చేతిరాత, ఒకే పెన్ను. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. ఎనిమిదో తరగతి అమ్మాయి తల్లి ఒకామె, బాలికల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదని, అందుకే పిల్లలు పొద్దున్నించి నీళ్లు తాగడం మానేస్తున్నారని చెప్పినట్టు రాసి ఉంది. మరుసటి సమావేశం పేజీలో మొదటి వాక్యం, గడియలు పెట్టించినట్టు. దాని కింద ఆమె వేలిముద్ర ఉంది.

ఇంకో పేజీలో సమావేశం వేళ మార్చారు. మాది పల్నాడు వైపు. మిరప కోతలు మొదలైతే ఆడవాళ్లు తెల్లారకముందే ఆటోలెక్కి పొలాలకు పోతారు. ఉదయం పదింటికి సమావేశం పెడితే వాళ్లు ఒక పూట కూలి పోగొట్టుకుని రావాలి. రాకపోతే "ఈ తల్లులకు పిల్లల చదువు పట్టదు" అనే మాట పడుతుంది. అది ఎంత అన్యాయమైన మాటో! కోతలయ్యేదాకా సమావేశం సాయంత్రం ఆరింటికి పెట్టుకోవాలని అక్కడ తీర్మానించారు. ఆ తర్వాతి పేజీల్లో సంతకాలు, వేలిముద్రలు పెరిగాయి. తల్లిదండ్రులు రావట్లేదని ఏ బడైనా అంటే, నేను మొదట అడిగేది సమావేశం ఏ వేళకు పెట్టారనే.

ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు ఈ కమిటీ నిబంధన వర్తించదు. అక్కడ పుస్తకం ఉండదు కాబట్టి ఒక ప్రశ్న అడగండి: "పోయిన ఏడాది తల్లిదండ్రులు చెప్పడం వల్ల మీరు మార్చినది ఒక్కటి చెప్పండి." టౌన్ బడిలో నేను ఇదే అడిగాను. గ్రాండ్ పేరెంట్స్ డే, మదర్స్ డే, సైన్స్ ఫెయిర్ అంటూ ఫొటోలు చూపించారు. వాటిలో మేం కూర్చుని చప్పట్లు కొట్టేవే అన్నీ. మేం చెబితే మారినది ఒక్కటీ రాలేదు. అన్ని ప్రైవేటు బడులూ అలాగే ఉంటాయని అనను. చటుక్కున జవాబు చెప్పే బడి దొరికితే నమ్మకంగా చేర్పించండి.

తెలంగాణ వాళ్లు అడుగుతున్నారు కాబట్టి ఒక మాట. అక్కడ 2024లో మహిళా సంఘాలతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టి మంచినీళ్లు, మరుగుదొడ్లు, చిన్న రిపేర్ల పనులు అప్పగించారు. పనులు ఊరి ఆడవాళ్ల చేతికి రావడం మంచిదే. పనులయ్యాక కూడా వాళ్లను పిలిచి మాట్లాడుతున్నారా అన్నది చూడండి.

వాట్సాప్ గ్రూపు సెలవుల కబురు తెలియడానికి చాలు. వార్షికోత్సవాన్ని బట్టి ఏదీ తేల్చలేం.

పిల్లల్ని మాత్రం తప్పకుండా అడగండి, పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు. "మీకేదన్నా ఇబ్బందొస్తే ఎవరికి చెబుతారు?" అని హైస్కూలు గేటు దగ్గర నలుగురు అమ్మాయిల్ని అడిగితే, ముగ్గురు ఒకే టీచర్ పేరు చెప్పారు. నాలుగో అమ్మాయి "మా అమ్మ కమిటీలో ఉందిగా" అంది.

పాపను హైస్కూల్లోనే చేర్పించాం. జూలై 10 మెగా పీటీఎంకి వెళ్లి లెక్కల టీచర్‌తో మాట్లాడాను, అదీ బాగానే జరిగింది. తర్వాత కమిటీ సమావేశానికి వెళ్లి, వర్షం పడితే గేటు ముందు మోకాలి లోతు నీళ్లు నిలుస్తున్నాయని చెప్పాను. నా ముందే పుస్తకంలో రాశారు. మరుసటి సమావేశానికి వెళ్లి ఆ పేజీ తిప్పి చూస్తాను.