తాళాలకు ఓకే, కళ్లద్దాలకు కాదు: వస్తువులు వెతికిపెట్టే ట్యాగ్‌ల ట్రయల్ రివ్యూ

ఒక కొత్త కంపెనీ తన ట్యాగ్‌లను మార్కెట్లోకి తెచ్చే ముందు కొంతమందికి వాడి చూడమని ఇచ్చింది, అందులో నేనొకణ్ణి. ఇది ట్రయల్ సరుకు, అమ్మకానికి వచ్చేసరికి మారొచ్చు కాబట్టి పేరు చెప్పను. వాళ్ల ఐడియా ఏంటంటే, తాళాలు, పర్సు, రిమోట్, కళ్లద్దాలు, గొడుగు ఇలా రోజూ ఎక్కడో పెట్టి మర్చిపోయే ప్రతిదానికీ ఒక ట్యాగ్ తగిలించాలి, కనపడనప్పుడు యాప్‌లో నొక్కితే అది కుయ్ కుయ్ మంటుంది. బయట పోగొట్టుకున్నా మేమే కనిపెట్టి చెప్తాం అని కూడా అంటున్నారు. మొదటి మాట చాలావరకు నిజమే. రెండోదానికి మాత్రం అంత సీన్ లేదు.

ఎందుకు లేదో చెప్తా. ఇందులో జీపీఎస్ ఉంటుందని చాలామంది అనుకుంటారు, ఉండదు. విప్పి చూస్తే ఒక బ్లూటూత్ చిప్, చిన్న స్పీకర్, సీఆర్2032 బటన్ బ్యాటరీ, అంతే. ట్యాగ్ తన గుర్తును సిగ్నల్‌గా వదులుతూ ఉంటుంది, దగ్గర్లో ఉన్న ఫోన్ దాన్ని పట్టుకుని తానున్న చోటును నమోదు చేస్తుంది. అంటే మ్యాప్‌లో కనిపించే చుక్క వస్తువు ఉన్న చోటు కాదు, దాని సిగ్నల్ చివరిసారి అందుకున్న ఫోన్ అప్పుడున్న చోటు. మరి మీరు బ్యాగ్ మర్చిపోయి వచ్చేసిన చోట ఆ సిగ్నల్ అందుకునేదెవరు? యాపిల్ 2021లో ఎయిర్‌ట్యాగ్ అని తన ట్యాగ్ తెచ్చేనాటికే దాని సిగ్నల్ పట్టుకోవడానికి జనం చేతుల్లో కోట్ల ఐఫోన్లున్నాయి, గూగుల్ కూడా 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లతో అలాంటి నెట్‌వర్కే మొదలుపెట్టింది. వీళ్ల ట్యాగ్‌ని మాత్రం వీళ్ల యాప్ ఉన్న ఫోన్లే గుర్తుపడతాయి, ఆ యాప్ నాలాంటి ట్రయల్ బ్యాచ్ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. బ్యాగ్‌ని కావాలనే తెలిసినవాళ్ల ఆఫీసులో వదిలేసి వచ్చి చూశా. చుక్క నేను వదిలిన దగ్గరే ఉండిపోయింది, వాళ్లు దాన్ని వేరే గదిలోకి మార్చారు, ఇంటికి కూడా తీసుకెళ్లారు, అయినా చుక్క కదల్లేదు. ఇలాంటి ట్యాగ్‌లే అమ్ముతూ 2013లోనే ముందస్తు ఆర్డర్లతో మొదలైన టైల్ అంతటి కంపెనీనే, ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారో చూపించే యాప్ కంపెనీ లైఫ్360 కొనేస్తున్నట్టు 2021లో ప్రకటించింది, ఇక సున్నా నుంచి సొంత నెట్‌వర్క్ కట్టుకుంటాం అంటే నాకైతే నమ్మకం కుదరడం లేదు.

ఇంట్లో వాడకానికి వస్తే తాళాలకు సూపర్. సోఫా కుషన్ల సందులో పడ్డ తాళాలగుత్తి కూత బాగా సన్నగా వినిపించింది, ఫ్యాన్ ఆపి చెవి పెడితే గానీ ఎటువైపో తెలియలేదు, కానీ దొరికింది, అదీ ఆఫీసుకి టైమైపోతున్న టెన్షన్‌లో. ఫోన్‌లో "దగ్గర, దూరం" అని చూపించే పట్టీని మాత్రం నమ్మకండి. నేను ఉన్నచోటే ఇటు తిరిగితే నిండుగా, అటు తిరిగితే సగానికి చూపించింది. బ్లూటూత్ సిగ్నల్‌కి మన ఒళ్లే అడ్డం, ట్యాగ్‌కీ ఫోన్‌కీ మధ్య మనం నిలబడితే బలం పడిపోతుంది. బాణం గుర్తుతో దిక్కు చూపించాలంటే దూరాన్నీ దిక్కునీ కచ్చితంగా పట్టే అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే రేడియో చిప్ కావాలి, అది ఇందులో లేదు. ఇంకోటి, ఫోన్ బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే వెనకాల నడిచే యాప్‌ని నిద్రపుచ్చేస్తుంది, ఆ సెట్టింగ్ మార్చేదాకా ఒక్క అలర్ట్ కూడా రాలేదు.

అసలు తిప్పలు కళ్లద్దాలతో. రోజుకి నాలుగుసార్లు పోయేవి అవే, నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుంటాం, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. వాటికోసం సన్నటి స్టిక్కర్ ట్యాగ్ ఇచ్చారు, కాడకి లోపలివైపు అంటించాలి. అంటించాక అద్దాలు ఒక పక్కకి వాలిపోయాయి, కణత దగ్గర ఒత్తుకుని ఎర్రటి మచ్చ పడింది, చెమటకి జిగురు ఊడి ట్యాగే పోయింది. పోయిన ట్యాగ్‌ని యాప్‌తో వెతికి పట్టుకున్నా, ఆ క్రెడిట్ ఇవ్వాల్సిందే. రిమోట్‌కి అంటిస్తే బల్లమీద పెట్టినప్పుడు ఊగుతుంది. పర్సు ట్యాగ్ కార్డంత సన్నం అన్నారు గానీ మూడు కార్డుల మందం ఉంది.

ఒక విషయం మాత్రం చూసీచూడనట్టు వదిలేయలేను. తాళాల ట్యాగ్ మూత గోటితో తీస్తే వచ్చేస్తోంది. బటన్ బ్యాటరీ చిన్నపిల్లలు మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోయేంత ప్రమాదం, దానికి కనీసం స్క్రూ అయినా ఉండాలి. అలాగే మనకి తెలియకుండా ఎవరైనా మన బ్యాగ్‌లో ట్యాగ్ వేస్తే ఫోన్ హెచ్చరించేలా యాపిల్, గూగుల్ కలిసి 2024లో ఒక ఉమ్మడి పద్ధతి తెచ్చాయి. ఇందులో అదీ లేదు, అడిగితే "రోడ్‌మ్యాప్‌లో ఉంది" అన్నారు, అంటే ముందుముందు చేస్తారట.

వీటన్నిటి మధ్య నాకు బాగా నచ్చింది, వాళ్లు ఉచితంగా పడేసిన క్యూఆర్ స్టిక్కర్. బ్యాటరీ లేదు, కూత లేదు. దొరికినవాళ్లు స్కాన్ చేస్తే మన నంబరు కనపడకుండానే మనకి మెసేజ్ వస్తుంది. గొడుగుకి, నీళ్ల సీసాకి, పిల్లల లంచ్ బాక్స్‌కి ఇది చాలు. దొరికినవాళ్లకి ఇవ్వాలని ఉండాలనుకోండి, అది వేరే సంగతి.

ఇక చందా. వస్తువు మర్చిపోయి బయల్దేరితే వచ్చే అలర్ట్‌కి నెలనెలా డబ్బు కట్టాలట. ఐఫోన్ వాళ్లకి ఎయిర్‌ట్యాగ్‌తో అది ఉచితంగానే వస్తోంది. ట్యాగ్‌ని గూగుల్ నెట్‌వర్క్‌లో కలిపేసి, చందా ఎత్తేసి, మూతకి స్క్రూ పెడితే కొంటానని ఫీడ్‌బ్యాక్‌లో రాశా. ప్రస్తుతానికి తాళాల ట్యాగ్, క్యూఆర్ స్టిక్కర్లు ఉంచుకుని మిగతావి తిరిగి పంపించేస్తున్నా.