ఏడున్నర వేల బేస్ గిటార్‌తో తొమ్మిదేళ్లు

ఈ బేస్ (పాటకి కింది స్వరాలు పలికే గిటార్) నా చేతికొచ్చింది 2016 ఆగస్టులో. గాజువాకలో ఆర్కెస్ట్రా మానేసి దుబాయ్ వెళ్లిపోతున్న ఒక అన్న దగ్గర కొన్నాను. పది వేలు చెప్పాడు, ఏడున్నరకి తెగింది. బ్యాగు లేదు, స్ట్రాప్ లేదు. కేబుల్ మాత్రం "అది ఫ్రీ తమ్ముడూ" అంటూ చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి పెట్టి చూస్తే అది పనిచేయదు.

హెడ్‌స్టాక్ (స్ట్రింగ్స్ బిగించే కీలుండే పై కొస) మీద పేరు అప్పటికే అరిగిపోయి ఉంది, కాబట్టి ఏ కంపెనీదని అడగొద్దు. 1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి లెక్కలేనన్ని నకళ్లున్నాయి, ఇదీ వాటిలో ఒకటి. నాలుగు స్ట్రింగ్స్, నెక్ అనే పొడవాటి మెడ మీద అడ్డంగా బిగించిన ఇరవై ఫ్రెట్లు (లోహపు కమ్మీలు), 34 అంగుళాల స్కేలు (స్ట్రింగ్ మోగే పొడవు), ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్. వైజాగ్‌లో, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు ఉన్న ఇంట్లో, తొమ్మిదేళ్లుగా వాయిస్తున్నాను. ఆదివారం చర్చిలో, సీజన్లో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో, మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత హెడ్‌ఫోన్స్‌లో.

మొదటి రెండు నెలలు దీన్ని అమ్మేద్దామనే అనుకున్నాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద మూడు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టి దూరిస్తే హాయిగా దూరాయి. ఒక్కో నోటు నొక్కడానికి మణికట్టు లాగేసేది. కుడిచేతి రెండు వేళ్లూ బొబ్బలెక్కి, చారన్నం కలిపితే చురుక్కుమనేది. చవక గిటార్ అంటే ఇంతేలే అనుకున్నాను. తప్పు నాదే. గిటార్ బాగానే ఉంది, దాన్ని ఎవరూ సరిచేసి పెట్టలేదు, అంతే. ఒక షాపులో పన్నెండు వందలు తీసుకుని, వారం ఉంచుకుని, స్ట్రింగ్స్ తుడిచి ఇచ్చారు. ఎత్తు అలాగే ఉంది. ఆ కోపంతోనే హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి 4 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల బోల్టు తిప్పేది) తెచ్చుకున్నాను.

నెక్ లోపల ఒక ఇనుప కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. నాలుగు స్ట్రింగ్స్ కలిసి నెక్‌ని దాదాపు 75, 80 కిలోల బలంతో ముందుకి లాగుతుంటాయి. కడ్డీ వెనక్కి లాగి ఆ వంపుని పట్టి ఉంచుతుంది. దాన్ని అలెన్ కీతో కుడివైపు తిప్పితే బిగిసి నెక్ నిటారవుతుంది, ఎడమవైపు తిప్పితే వదులవుతుంది. ఒక్కసారి పావు చుట్టు, అంతకంటే వద్దు. తిప్పాక ఒక రాత్రి వదిలేసి మర్నాడు చూడాలి, ఎందుకంటే చెక్క నెమ్మదిగా కదులుతుంది. సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మీటర్లేమీ అక్కర్లేదు. మొదటి ఫ్రెట్‌నీ చివరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి పట్టుకుని, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద ఒక విజిటింగ్ కార్డు దూరుతుందేమో చూడాలి. దూరి, కొంచెం రాసుకుంటే చాలు. తర్వాత బ్రిడ్జ్ (బాడీ మీద స్ట్రింగ్స్ కింది కొస ఆనే లోహపు పలక) మీది సాడిల్స్ దించుకోవచ్చు, స్ట్రింగ్ ఎత్తు వాటి మీదే ఉంటుంది. నా సాడిల్ స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే, ఒక్కోదానికీ ఒక చుక్క కుట్టు మిషన్ నూనె వేసి రాత్రంతా ఉంచాను. ఇప్పుడు పన్నెండో ఫ్రెట్ దగ్గర ఒకటిన్నర బిళ్ల ఎత్తుంది. అదే గిటార్ అంటే నమ్మబుద్ధి కాదు.

వానాకాలంలో నెక్ మళ్లీ కదులుతుంది. జూలైలో ఒకసారి, సంక్రాంతి దాటాక ఒకసారి అలెన్ కీ తిప్పడం నాకు గ్యాస్ బుక్ చేసినంత మామూలైపోయింది.

నట్ (నెక్ పై చివర స్ట్రింగ్స్ ఆనే గాళ్ల పట్టీ) సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నేనే పాడుచేశాను. నట్ గాళ్లు లోతు తక్కువగా ఉన్నాయని, పాత స్ట్రింగ్ ముక్కకి ఎమరీ పేపరు చుట్టి రుద్దాను. మూడు గాళ్లు బాగానే కుదిరాయి. నాలుగోది, లావు స్ట్రింగ్‌ది, మాటల్లో పడి ఎక్కువ రుద్దేశాను. ఓపెన్ 'ఈ' (E) నోటు, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఆ స్ట్రింగ్ మీటితే, మొదటి ఫ్రెట్‌కి కొట్టుకుని 'జ్‌జ్' అంటోంది. కొత్త నట్ తెప్పించాలంటే పోస్ట్ ఖర్చే దాని ధరకి రెండింతలు. అప్పుడు మా వీధిలో ఏసీలు బాగుచేసే కుర్రాడు చెప్పాడు: "వంటసోడా పోసి ఫెవిక్విక్ వెయ్యన్నా, రాయైపోద్ది." చుట్టూ టేపు అంటించి, గాడిలో చిటికెడు వంటసోడా నింపి, ఒక్క చుక్క ఫెవిక్విక్ వేశాను. సన్నగా పొగొచ్చింది, క్షణంలో గట్టిపడింది. ముక్కు దగ్గరగా పెట్టకండి, కళ్లు మండుతాయి. మళ్లీ మెల్లగా, ఈసారి మాట్లాడకుండా, గాడి తీశాను. అది 2017. ఆ గాడి ఇప్పటికీ అలాగే ఉంది.

ఇక స్ట్రింగ్స్. బేస్ వాయించేవాడి జేబుకి అసలు చిల్లు పెట్టేది ఇవే. సిక్స్ స్ట్రింగ్ గిటార్ వాళ్లు నెలకోసారి మార్చేస్తారు, వాళ్లవి చవక. మనవి 45 నుంచి 105 గేజ్ (తీగ మందం) సెట్టు కొనాలంటే కిరాణా బిల్లు గుర్తొస్తుంది. తొమ్మిదేళ్లలో మూడే సెట్లు కొన్నాను, మొత్తం 5,900 అయింది. మధ్యమధ్యలో ఉడకబెట్టాను. నవ్వకండి, నిజంగానే ఉడకబెట్టాలి. రౌండ్‌వౌండ్ స్ట్రింగ్ అంటే లోపల ఒక తీగ, దాని చుట్టూ బిగించి చుట్టిన ఇంకో తీగ. ఆ చుట్ల సందుల్లో చెమట, చర్మపు పొట్టు, నూనె పేరుకుని మెరుపు పోతుంది. అమ్మ దగ్గర పాత అల్యూమినియం డేగిసా అడిగి తీసుకుని, చుట్టలుగా చుట్టిన స్ట్రింగ్స్‌ని పది నిమిషాలు మరిగించాను. నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. అమ్మ తొంగిచూసి "ఆ గిన్నె ఇంక నాకొద్దురా, నువ్వే ఉంచుకో" అంది. ఉంచుకున్నాను. తీశాక వెంటనే తుడిచి, మేడ మీద ఎండలో బాగా ఆరబెట్టాలి. లోపల తడి ఉండిపోతే మన ఊళ్లో వారంలో తుప్పే. మూడు వారాలు కొత్తవాటిలా మోగుతాయి, తర్వాత మామూలే. ఒక సెట్టుని రెండుసార్లకి మించి ఉడికించొద్దు. ట్యూనింగ్ కీకి చుట్టుకునే చోట ఒకసారి వంగిన తీగని విప్పి మళ్లీ వంచుతుంటే అక్కడే తెగుతుంది. నాది మూడోసారి అలాగే తెగింది.

అయితే మెరుపు పోయిన స్ట్రింగ్స్ అంటే నాకిప్పుడు భయం లేదు. మోటౌన్ అనే అమెరికన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ స్ట్రింగ్స్ మార్చేవాడే కాదని ప్రసిద్ధి. ఆయన వాడింది ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నున్నగా ఉండే) స్ట్రింగ్స్, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. బ్రిడ్జ్ మూత కింద ఫోమ్ ముక్క ఉండేది. గిన్నెలు తోమే స్పాంజిని నేను రెండు వేళ్ల వెడల్పున కోసి, బ్రిడ్జ్ దగ్గర స్ట్రింగ్స్ కింద దూర్చాను. నోటు సాగకుండా 'దమ్' అని పడి ఆగిపోతుంది. కీర్తనలకి, పాత సినిమా పాటలకి ఆ దమ్మే కావాలి. పది రూపాయల స్పాంజితో రెండేళ్లు కొత్త సెట్టు కొనకుండా గడిపాను. స్పాంజికి ఆకుపచ్చ గరుకు వైపు కాదు, మెత్తని పసుపు వైపు.

తుప్పుకి మందు ఒక్కటే. వాయించాక ప్రతిసారీ పాత పంచె ముక్కతో స్ట్రింగ్ పైనా కిందా తుడవడం. బ్యాగులో చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు ఓ పది పడేశాను. బద్ధకించిన వారం మాత్రం వేళ్లకి గరుకు తెలిసిపోతుంది.

కరెంటు దగ్గర పొదుపు చేయకండి. 2019లో చోడవరం దగ్గర ఒక పల్లెటూళ్లో పెళ్లి, జనరేటర్ మీద ప్రోగ్రామ్. కోరస్ పాడదామని మైక్‌కి పెదవి తగిలించాను. ఎడమచేయి స్ట్రింగ్స్ మీదుంది. పెదవి దగ్గర కొట్టిన దెబ్బకి రెండు నిమిషాలు నోట మాట రాలేదు. టెస్టర్ తెచ్చి స్ట్రింగ్స్‌కి ఆనిస్తే లోపల దీపం ఎర్రగా వెలిగింది. బేస్‌లో స్ట్రింగ్స్ బ్రిడ్జ్ ద్వారా గ్రౌండ్ తీగకి, అక్కడి నుంచి కేబుల్ ద్వారా ఆంప్ (యాంప్లిఫయర్) బాడీకి కలిసుంటాయి. ఎర్తింగ్ లేని చోట ఆంప్‌లో కరెంటు లీకైతే అది నేరుగా మన వేళ్ల దాకా వస్తుంది. ఆ రోజు టెంట్ హౌస్ ఎలక్ట్రీషియన్ని బతిమాలితే, ఇనుప కడ్డీ ఒకటి నేలలో దిగ్గొట్టి, ఉప్పు నీళ్లు పోసి, వైరు కలిపాడు. టెస్టర్ ఆరిపోయింది. అప్పటి నుంచి టెస్టర్ నా బ్యాగులోనే ఉంటుంది, స్టేజి ఎక్కగానే ముందు మైక్‌కీ స్ట్రింగ్స్‌కీ ఆనించి చూస్తాను. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్త్ పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో పెట్టేవాళ్లని చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

గిటార్ లోపలి వైరింగ్ ఊహించినంత చెడ్డదేం కాదు. 1957 నుంచి ప్రెసిషన్ బేస్‌ల్లో వస్తున్న రెండు ముక్కల పికప్పే (స్ట్రింగ్ కదలికని సిగ్నల్‌గా మార్చేది) దీన్లోనూ ఉంది. ఆ రెండు ముక్కలూ ఒకదాని హమ్‌ని (కరెంటు గుంయ్ శబ్దాన్ని) ఇంకొకటి కొట్టేస్తాయి. అయినా నాది గుంయ్‌మనేది. విప్పి చూస్తే బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ తీగ ఊడి ఉంది. సోల్డర్ చేశాక తగ్గింది. జాక్ (కేబుల్ గుచ్చే చోటు) రెండుసార్లు మార్చాను, వాల్యూమ్ గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ కొడతాను. నాకు ఇబ్బందిగా మిగిలిపోయింది ఒక్కటే: అన్నిటికంటే సన్నని 'జీ' (G) స్ట్రింగ్ ట్యూనింగ్ కీ పళ్లు అరిగి జారుతుంది. నాలుగు పాటలకోసారి సరిచూసుకోవాలి.

ఆంప్ లేని మొదటి ఏడాది పెద్ద తెలివితక్కువ పని చేశాను. మా బావగారి హోమ్ థియేటర్‌కి కలిపి వాయించాను. రికార్డైన పాటల్లో బేస్‌ని ముందే అదుపులో పెట్టి ఉంచుతారు. మనం నేరుగా మీటితే ఒక్కో దెబ్బా ఎగిసిపడుతుంది. మూడో రోజుకి వూఫర్ కాయిల్ పోయింది. బాగుచేయించడానికి 1,800. బావ ఇప్పటికీ సంక్రాంతికి అందరి ముందూ ఆ మాట ఎత్తుతాడు. తర్వాత పాతది 15 వాట్ల ఆంప్ 3,200కి కొన్నాను. ఇంటికి సరిపోతుంది, డ్రమ్స్ పక్కన సరిపోదు. చర్చిలో డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చేది) పెట్టి నేరుగా మిక్సర్‌కి ఇస్తున్నాను.

అమ్మకి ఫోన్‌లో వీడియో చూపిస్తే "అందరూ వినపడుతున్నారు, నువ్వే ఊరికే నిలబడ్డట్టున్నావు" అంటుంది. లావు స్ట్రింగ్ ఓపెన్ నోటు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కింది శబ్దాన్ని పలికించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపిస్తే "ఓహో, ఈ గుండె దడ నీదా" అంది. నాకొచ్చిన ప్రశంసల్లో ఇదే పెద్దది.

చర్చిలో అసలు గొడవ కీబోర్డ్‌తో. ఆటో స్టైల్ (తోడు వాయిద్యాలు దానంతటదే మోగించేది) పెట్టి ఎడమచేత్తో కార్డ్ (కలిపి మోగే స్వరాలు) పట్టగానే కీబోర్డే బేస్ కూడా వాయించేస్తుంది. రెండు బేస్‌లు ఒకదానిమీద ఒకటి పడి బురదైపోతుంది. "అన్నా, బేస్ చానల్ తీసెయ్యవా" అని కీబోర్డ్ వాయించే ఆయన్ని అడగడానికి నాకు ఆరు నెలలు పట్టింది, ఆయన వయసులో పెద్దాయన. తీసేసిన రోజు ప్రార్థన అయ్యాక ఆయనే వచ్చి "ఇవాళ పాట నిలబడిందిరా" అన్నాడు.

మోయడం గురించి కూడా ఒక మాట. బరువు నాలుగు కిలోల పైనే, పైగా వదిలేస్తే హెడ్‌స్టాక్ కిందికి వాలిపోతుంది. సన్నని నైలాన్ స్ట్రాప్ భుజాన్ని కోసేసేది. మంచానికి అల్లే నవారుని రెండు పొరలు కుట్టించి స్ట్రాప్ చేశాను. నూలు కాబట్టి చొక్కా మీద జారదు, నెక్ వాలడమూ తగ్గింది. పాత బొంతతో దర్జీ చేత బ్యాగు కుట్టించాను, 450 తీసుకున్నాడు. ఆర్టీసీ బస్సులో దాన్ని చూసి "పేషెంటు పరుపా?" అని అడిగినవాళ్లున్నారు.

కేబుళ్లు, డీఐ బాక్స్, జాక్‌లు, సోల్డరింగ్ ఐరన్, బావగారి వూఫర్ అన్నీ కలిపి లెక్కేస్తే తొమ్మిదేళ్లకి 23 వేలు. నెలకి రెండు వందల చిల్లర. గిటార్ ధర అందులో మూడో వంతే. అందుకే పది వేలున్నవాళ్లు పది వేల బేస్ కొనకండి. ఆరు వేలది కొని మిగతాది స్ట్రింగ్స్‌కి, మంచి కేబుల్‌కి ఉంచుకోండి. పాతది కొనేటప్పుడు రంగు చూడకండి, ట్రస్ రాడ్ రెండు వైపులా తిరుగుతుందో లేదో చూడండి. అది బిగుసుకుపోతే నేను చెప్పిన చిట్కాలేవీ పనిచేయవు. స్క్రూడ్రైవర్ పట్టడం ఇష్టంలేనివాళ్లకి మాత్రం ఈ రకం బేస్ వద్దు, వాళ్లు రెండేళ్లు ఆగి కొత్తది కొనుక్కోవడం మంచిది.

మొన్న మా చర్చిలో ఇంటర్ చదివే కుర్రాడు "అన్నా, నీది అమ్ముతావా?" అన్నాడు. అమ్మను గానీ, అలాంటిదే ఇంకోటి వెతికిపెడతానన్నాను. ముందు హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి అలెన్ కీ తెచ్చుకో, నాది విప్పి నేర్పిస్తానని చెప్పాను. 4 మిల్లీమీటర్లది తెమ్మంటే 5ది తెచ్చాడు.