వెలిగొండల కింద రాత్రి పడుకోవాలంటే ఏ పక్కబట్టలు మేలు?

నెల్లూరు టౌన్లో ఉండేవాళ్లకి చలి పెద్ద పట్టింపు కాదు. జనవరిలో కూడా రాత్రిళ్లు 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఫ్యాను ఒక పాయింటు తగ్గిస్తే సరిపోతుంది. ఆ ధీమాతోనే చాలామంది ఒక దుప్పటి, ఒక గాలిదిండు కార్లో పడేసుకుని ఉదయగిరి దారి పడతారు. వెలిగొండల కింద, వాగు పక్కన, తెల్లవారుజామున నాలుగింటికి సంగతి వేరే. అక్కడి చలి అంకెల్లో చూస్తే మరీ భయపడేంత కాదు. కానీ ఈశాన్య రుతుపవనాల వానలకి నేల నాని ఉంటుంది, పైనుంచి మంచు దిగుతుంది. ఆ తడికి ఆగే పక్క కావాలి. గడ్డకట్టే చలికి పనికొస్తాయని అమ్మే స్లీపింగ్ బ్యాగులు మనకి దండగ. దూరితే చెమటలు, జిప్పు తీస్తే వణుకు.

మార్గశిరంలో ఇంటిల్లిపాదీ రెండు కార్లలో బయల్దేరాం. ఆత్మకూరు, ఉదయగిరి, సీతారామపురం, భైరవకోన, అక్కణ్నించి కంభం, మార్కాపురం మీదుగా దోర్నాల. పక్క విషయంలో ఎవరి పంతం వాళ్లది. మా బామ్మర్దికి మెత్తటి పాలిస్టర్ మింక్ రగ్గు ఉండాల్సిందే. నేను కంబళి మనిషిని. మా అత్తమ్మ అయితే పాత చీరలు పొరలుగా వేసి కుట్టిన బొంత లేకుండా గడప దాటదు. దాంతో ఎవరూ అనుకోకుండానే పరీక్ష జరిగిపోయింది.

ముందు ఆగింది దారిలో ఒక నీటి ఒడ్డున టెంట్లు అద్దెకిచ్చే చోట. భోజనం బాగుంది, చేపల పులుసుకి వంక పెట్టలేం. బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. పక్క దగ్గరే దెబ్బతిన్నారు. రెక్సిన్ తొడిగిన పల్చటి స్పాంజి పరుపు, దాని మీద ముక్కిపోయిన వాసన కొట్టే రగ్గు. దోమలొస్తాయని టెంటు జిప్పులన్నీ బిగించమన్నారు. తెల్లారేసరికి టెంటు లోపలి గుడ్డంతా చుక్కలు చుక్కలు. పైనుంచి వాన పడలేదు, అది మన ఊపిరిలోని ఆవిరే. చల్లటి గుడ్డకి తగిలి నీరై మళ్లీ మన మీదే కారింది. దోమతెర మూసి పై కిటికీ తెరిచి ఉంచమని చెప్తే పోయేదానికి, పొద్దున్నే "వెదర్ అట్లా ఉంది సార్" అని తప్పించుకున్నారు. మా బామ్మర్ది రగ్గు పైన నీళ్లు పూసల్లా నిలిచాయి, కాళ్ల దగ్గర తడిసి చల్లగా అతుక్కుంది. అదే టెంటులో నా కంబళి పైపైన చెమ్మగా ఉన్నా లోపల వెచ్చగానే ఉంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు ఆవిరిని పీల్చుకుని కూడా ఒంటికి తడి తెలియనివ్వదు. పైగా అట్లా పీల్చుకునేటప్పుడు కాస్త వేడి కూడా పుట్టిస్తుంది.

సీతారామపురం దాటాక టీ కోసం ఆగితే, గొర్రెల మంద తోలుకుపోతున్న పెద్దాయన మా కారు మీద ఆరేసిన రగ్గు చూసి నిలబడ్డాడు.

"ఏంది అబ్బయ్యా, దీంట్లోనా పడుకునేది? మంచులో ఇది నిలవదు."

"మరి నువ్వేం కప్పుకుంటావు పెద్దాయనా?"

భుజం మీది నల్ల కంబళి తీసి నా చేతికిచ్చాడు. గట్టిగా, బిర్రుగా, అంచుల దగ్గర అట్టలాగా ఉంది. నేసేటప్పుడు ఉన్ని దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు, కొత్త కంబళికి ఆ బిరుసు అందుకే. వాడేకొద్దీ మెత్తబడుతుంది. "మీ గొర్రెల ఉన్నేనా?" అని మా బామ్మర్ది అడిగితే పెద్దాయన నవ్వాడు. నవ్వడా మరి. నెల్లూరు గొర్రెకి ఉన్నెక్కడిది? పల్ల, జోడిపి, దొర, ఏ రకం చూసినా పొట్టి వెంట్రుకలే, మాంసానికే దాని పేరు. కంబళికి కావాల్సింది దక్కనీ నల్లగొర్రె ఉన్ని. ఆ గొర్రె అనంతపురం, తెలంగాణ, కర్ణాటక వైపుది. కంబళ్లకి పేరున్న సంత కర్ణాటకలో చళ్లకెరె. అందుకని మన జిల్లాలో రోడ్డు పక్కన ఎవరైనా "అచ్చమైన నెల్లూరు ఉన్ని" అని అమ్మితే చిరునవ్వు నవ్వి ముందుకి పోవచ్చు.

కొనేటప్పుడు ఒక పని చెయ్యండి. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టండి. ఉన్నయితే వెంట్రుక కాలిన కంపు కొట్టి, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. కల్తీ అయితే కరిగి నల్లపూసలా గట్టిపడుతుంది. నెగడు దగ్గర కూర్చునేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. నిప్పురవ్వ ఎగిరి పడితే కంబళి మీద చిన్న మచ్చ మిగులుతుంది, మింక్ రగ్గుకి బొక్కే.

గుచ్చుకుంటుందని కంబళి వద్దనేవాళ్లున్నారు. గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరుకుంటే ఎట్లా? లోపల ఒక పాత నూలుచీర వేసుకుంటే సరి.

భైరవకోన సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చంద్రశేఖరపురం మండలంలో కొండని తొలిచిన ఎనిమిది గుహాలయాలు, ఎదురుగా జలపాతం. కార్తీక పౌర్ణమి రాత్రి వెన్నెల నీళ్లలో పడి అమ్మవారి మీద ప్రతిఫలిస్తుందని జనం విరగబడతారు. ఆ రోజుల్లో చోటు దొరకదు. మేం ఆ రద్దీ తగ్గాక పోయాం కాబట్టి సత్రంలో నడవా దొరికింది. పైకప్పు ఉంది కదా, ఇక్కడ చలేముంటుంది అనుకుంటాం. ఉంది, కింద. బండలు రాత్రంతా ఒంట్లో వేడి లాగేస్తాయి. మనం పడుకున్న చోట పరుపైనా రగ్గైనా బరువుకి అణిగిపోయి, అందులో ఉండాల్సిన గాలి పోతుంది. గాలి పోతే వెచ్చదనమూ పోయినట్టే. మీద మూడు దుప్పట్లు కప్పుకుని నడుము కింద ఒక్కటే వేసుకున్నవాళ్లు అందుకే తెల్లార్లూ దొర్లుతారు.

అక్కడ గెలిచింది మా అత్తమ్మ. ముందు ఈతచాప, దాని మీద బొంత, ఆ పైన మనిషి, మీద షోలాపూర్ దుప్పటి. బొంతలో పొరపొరకీ దగ్గరగా కుట్టు ఉంటుంది కాబట్టి దూది పరుపులాగా ఒక పక్కకి జరిగి ముద్దకట్టదు. గురక పెట్టి మరీ నిద్రపోయింది. నేనైతే చాప మీద కంబళి నాలుగు మడతలేసి పరుచుకుని, పైన ఆమె దగ్గర ఇంకో బొంత అడుక్కున్నాను. బొంతకి ఒక్కటే లోపం. నూలు కదా, తడిస్తే బరువెక్కి ఒక ఎండకి ఆరదు. కప్పు కింద అయితే దానంత సుఖం లేదు, ఆరుబయట మంచులో మాత్రం కంబళి కింద దాచుకోవాల్సిందే.

కొందరు కింద వరిగడ్డి పరుస్తారు. మంచి పద్ధతే, కానీ మన వైపు ప్రధాన పంట కోతలు ఫిబ్రవరి, మార్చిలో. మార్గశిరంలో దొరికేది పాత వాముల గడ్డి. చెమ్మ ఉంటుంది, తేళ్లుంటాయి. పిల్లలున్నవాళ్లు వదిలెయ్యండి.

ఉదయగిరిలో షామియానా సప్లయర్స్ దగ్గర పరుపులు అద్దెకి అడిగి చూశాం. పెళ్లిళ్ల కాలం కాకపోతే ఇస్తారు, ధర బేరమాడొచ్చు. దూది పరుపులు, లావుగా బాగానే ఉన్నాయి. కారు డిక్కీలో ఒకటి పెడితే ఇంక సామాను పట్టదు. వ్యాన్లో పోయేవాళ్లకైతే ఇదే చవక.

దోర్నాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. అవతల పులుల అభయారణ్యం, సొంతంగా టెంటు వేసుకునే మాటే ఎత్తొద్దు. శ్రీశైలం దారి రాత్రి 9 దాటితే మూసేస్తారు, మళ్లీ పొద్దున 6కే. పొద్దుపోయి చేరినవాళ్లకి లాడ్జీలే గతి. మాకు దొరికిన గదిలో దుప్పట్లు పల్చన, అయినా కంబళి ఉంది కాబట్టి పట్టించుకోలేదు. మా బామ్మర్ది కూడా ఆ రాత్రి సగం కంబళి తన మీదికి లాక్కున్నాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక కంబళిని వెంటనే మడవొద్దు. రెండు పూటలు ఎండలో వేసి, కర్రతో దులిపి, మడతల మధ్య ఎండు వేపాకు వేసి పెట్టెలో పెట్టండి. మురికి పట్టిన చోట చన్నీళ్లతో అద్ది తుడిస్తే చాలు. వాషింగ్ మెషిన్లో వేశారంటే ఉన్ని ముడుచుకుపోయి, ఆరడుగుల కంబళి చంటిబిడ్డ పక్కకి కూడా చాలకుండా బయటికొస్తుంది.