డిగ్రీ పిల్లలకు పాశ్చాత్య తత్త్వశాస్త్రం: ఏ శాఖతో మొదలుపెడితే మేలు?

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో ప్రధానంగా నాలుగు శాఖలు చెప్తారు. అసలు ఉన్నదేమిటని అడిగేది మెటాఫిజిక్స్. ‘నాకు తెలుసు’ అని ఎప్పుడు అనొచ్చో తేల్చేది జ్ఞానమీమాంస. ఏం చేయాలో అడిగేది నీతిశాస్త్రం, వాదన నిలుస్తుందో లేదో చూసేది తర్కశాస్త్రం. సౌందర్యశాస్త్రాన్ని ఐదోదిగా చేర్చేవాళ్లూ ఉన్నారు. ఇంతకుముందు ఫిలాసఫీ మొహమే చూడని బీకామ్, బీఎస్సీ పిల్లలకు వీటిలో ఏది ముందు చెప్పాలన్నది చిన్న విషయం కాదు. మొదటి రెండు వారాల్లో పట్టు దొరక్కపోతే ఆ సెమిస్టర్ అంతా బట్టీయే.

చాలామంది తర్కంతో మొదలుపెట్టమంటారు. మిగతా మూడింటికీ అదే పనిముట్టు కాబట్టి ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ‘మనుషులందరూ మర్త్యులు, సోక్రటీస్ మనిషి’ అంటూ మొదలైన క్లాసు పిల్లలకు ఇంకో లెక్కల పీరియడ్‌లా ఉంటుంది. వాదించాలనే కోరికే పుట్టనివాళ్లకు వాదన నియమాలు ఎక్కవు.

మెటాఫిజిక్స్‌తో అయితే మొదటిరోజు బ్రహ్మాండంగా ఉంటుంది. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన, పురాణవీరుడు థీసియస్ ఓడ ఉండనే ఉంది: పాడైన చెక్కలు ఒక్కొక్కటే తీసి కొత్తవి వేస్తూ పోతే అది పాత ఓడేనా? తీసేసిన చెక్కలన్నీ చేర్చి ఇంకో ఓడ కడితే రెండింట్లో అసలుది ఏదని ఇంగ్లిష్ తత్త్వవేత్త హాబ్స్ అడిగాడు. చిక్కు ఆ తర్వాతే వస్తుంది. ద్రవ్యం, గుణం, సామాన్యం (చాలా వస్తువులకు ఉమ్మడిగా ఉండేది) అనే చర్చలోకి దిగగానే సగం క్లాసు జారిపోతుంది.

అసలు పోటీ నీతిశాస్త్రానికీ జ్ఞానమీమాంసకూ మధ్యే.

నీతిశాస్త్రం వెంటనే మనసుకు తగులుతుంది. తూర్పు బెంగాల్ (ఇప్పటి బంగ్లాదేశ్) శరణార్థుల ఆకలిని చూసి తత్త్వవేత్త పీటర్ సింగర్ రాసిన వ్యాసం 1972లో వచ్చింది. లోతులేని చెరువులో పసిపిల్ల మునిగిపోతుంటే, బట్టలు బురదవుతాయని ఆగుతామా? ఆగం అంటే, దూరాన చచ్చిపోతున్నవాళ్ల విషయంలో ఎందుకు ఆగుతున్నాం? ఈ ప్రశ్న విన్నాక క్లాసులో ఎవరూ ఊరుకోరు. అయితే నీతి విషయంలో పిల్లలు ముందే ఒక పక్షం ఎంచుకుని వస్తారు. ఇల్లు, కులం, మతం, పార్టీ అన్నీ ఆ జవాబులో ఉంటాయి. అందుకే అవతలివాళ్ల వాదన వినడం కంటే తమది కాపాడుకోవడమే ఎక్కువ. నాలుగో క్లాసుకల్లా ‘ఎవరి అభిప్రాయం వాళ్లది సార్’ అనే మాట వచ్చేస్తుంది. అక్కడితో చర్చకు తలుపు మూసినట్టే.

నా ఓటు జ్ఞానమీమాంసకు. ప్లేటో ‘మెనో’ అనే సంభాషణలో లారిస్సా అనే ఊరి దారి గురించి అడిగిన ప్రశ్నతో మొదలుపెట్టొచ్చు: దారి తెలిసినవాడూ, తెలియకపోయినా సరిగ్గా ఊహించినవాడూ ఇద్దరూ ఊరు చేరుస్తారు కదా, మరి తెలియడంలో గొప్పేమిటి? తగిన కారణం ఉండటమే అని పిల్లలే చెప్తారు. అప్పుడు 1963లో అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ రాసిన మూడు పేజీల వ్యాసం ముందు పెట్టాలి. అందులోని ఉదాహరణలో స్మిత్, జోన్స్ ఒకే ఉద్యోగానికి అప్లై చేశారు. ఉద్యోగం జోన్స్‌కేనని కంపెనీ ప్రెసిడెంటే స్మిత్‌కు చెప్పాడు. జోన్స్ జేబులో పది నాణేలున్నాయని స్మిత్ స్వయంగా లెక్కపెట్టాడు. కాబట్టి ‘ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయి’ అనుకున్నాడు. తీరా ఉద్యోగం స్మిత్‌కే వచ్చింది. తనకే తెలియకుండా అతని జేబులోనూ పది నాణేలున్నాయి! నమ్మింది నిజమే, నమ్మడానికి కారణమూ ఉంది. మరి అతనికి తెలిసినట్టా?

పది నాణేల మీద ఎవరికీ కులాభిమానం ఉండదు. ఓడిపోతామన్న టెన్షన్ లేకుండా వాదన ఎటు తీసుకెళ్తే అటు వెళ్తారు. నిర్వచనం ఇవ్వడం, దానికి ఎదురు ఉదాహరణ వెతకడం, సవరించడం ఆ గంటలోనే వచ్చేస్తాయి. తర్కానికి వేరే పీరియడ్ అక్కర్లేదు. ఎండమావిని చూసి నీళ్లున్నాయని వెళ్లినవాడికి అదృష్టం కొద్దీ అక్కడే రాయి కింద నీళ్లు దొరికితే ఏమనాలని 8వ శతాబ్దంలోనే మన బౌద్ధ పండితుడు ధర్మోత్తరుడు అడిగాడని కూడా చెప్పాలి. ఇది పడమటివాళ్ల గొడవ మాత్రమే కాదని పిల్లలకు తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఫ్రెంచ్ తత్త్వవేత్త డెకార్ట్ 1641లో ప్రచురించిన ‘మెడిటేషన్స్’ను గెటియర్ తర్వాతే చెప్పాలి. ఇంద్రియాలు మోసం చేస్తాయి, ఇదంతా కలేమో అంటూ మొదలుపెడితే ఏదీ తెలియదనే తేలిక జవాబు దగ్గరే పిల్లలు ఆగిపోతారు. తర్వాత నీతిశాస్త్రానికి వెళ్తే, ‘నీకెలా తెలుసు?’ అని వాళ్లే ఒకరినొకరు అడుగుతారు.

సెమిస్టర్ లేదు, ఒక్క గంట అతిథి ఉపన్యాసమే ఉందనుకోండి, అప్పుడు గెటియర్ వద్దు, సింగర్ చెరువే చెప్పండి. మళ్లీ కలవని క్లాసుకు ఇంటికెళ్లాక కూడా నిద్రపట్టనివ్వని ప్రశ్న కావాలి.