ఐడ్లింగ్‌లో వణికే కేమన్: కనిపెట్టినందుకు డబ్బు తీసుకున్న గ్యారేజ్

ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానో కింద రాశాను, కానీ ఉత్తర డాలస్ వైపు పాత పోర్షే ఉన్న మనవాళ్ళెవరైనా బండి ఐడ్లింగ్‌లో (ఆగి ఉండగా, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరిగేటప్పుడు) వణుకుతోందని అంటే ఇప్పటికీ నేను పంపేది ఇక్కడికే. చిన్న షెడ్డు, మూడు లిఫ్టులు, పోర్షేలు తప్ప వేరే బండి ముట్టుకోరు.

నాది 2007 పోర్షే కేమన్ ఎస్. 3.4 లీటర్ల ఫ్లాట్ సిక్స్ (ఆరు సిలిండర్లూ అడ్డంగా పడుకునే ఇంజిన్), 295 హార్స్‌పవర్, మాన్యువల్ గేర్లు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఏ గొడవా ఉండేది కాదు, బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగితే మాత్రం ఆర్‌పీఎం ముల్లు 700 దగ్గర కుదురుగా నిలబడక కిందికీ పైకీ ఊగేది, సీటు వెనక నుంచి గుడగుడమని వైబ్రేషన్, గేర్ రాడ్ మీద చెయ్యి వేస్తే వేళ్ళు జివ్వుమనేవి. ఏసీ వేస్తే ఇంకాస్త ఎక్కువ. డాలస్ జులై ఎండలో ఏసీ కట్టేసి కూర్చోమంటే ఎవరి వల్లవుతుంది. మామూలు నాలుగు సిలిండర్ల బండి కాస్త వణికితే ఎవరూ పట్టించుకోరు గానీ, ఈ ఇంజిన్‌లో పిస్టన్లు ఎదురెదురుగా పడుకుని ఒకదాని ఊపుని ఇంకోటి చంపేస్తాయి, ఊపు తగ్గించడానికి విడిగా బ్యాలెన్స్ షాఫ్ట్ లేకుండానే నున్నగా తిరగాలి, కాబట్టి ఇది వణికిందంటే ఏదో ఉన్నట్టే. మా నాన్నగారు వీడియో కాల్‌లో ఆ చప్పుడు విని "కార్బురేటర్ కడిగించరా" అన్నారు. అంబాసిడర్ నడిపిన మనిషి, ఆయనకి అన్నిటికీ అదే మందు.

ముందు వేరే షాపుకి తీసుకెళ్ళాను, పేరు అనవసరం. కోడ్ రీడర్ పెట్టారు, పి0300 అనే కోడ్ వచ్చింది, అంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండకపోవడం, మనం మిస్సింగ్ అంటాం) ఉంది గానీ ఫలానా సిలిండర్ అని చెప్పలేం అని. పది నిమిషాల్లో ఆరు కాయిల్స్ (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి), ఆరు ప్లగ్గులు మార్చాలని 1,400 డాలర్ల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. దాంతో తగ్గకపోతే? అప్పుడు లోపలికెళ్ళే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో సెన్సర్ మారుద్దాం, అదీ కాకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు చూద్దాం అన్నారు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు. కాయిల్స్ మీద అనుమానం రావడం తప్పని నేననను, ఈ ఇంజిన్లలో అవి కింద సైలెన్సర్ పైపుల పక్కనే ఉంటాయి కాబట్టి ఆ వేడికీ రోడ్డు మీది నీళ్ళకీ ప్లాస్టిక్ పగలడం మామూలే. కానీ కాయిల్ పోతే సాధారణంగా ఒక సిలిండర్ దొరికిపోతుంది, పి0304 అంటే నాలుగోది, అలాగన్నమాట. ఆరూ కూడబలుక్కుని ఒకేసారి ఎందుకు పోతాయి సార్ అంటే కౌంటర్లో ఉన్నాయన దగ్గర జవాబు లేదు. పైగా కోడ్ చెరిపేసి పంపించారు. ఇక్కడ టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ అలాగే ఉంది, కోడ్లు చెరిపిన బండికి మానిటర్లు (బండి కంప్యూటర్ తనంతట తాను చేసుకునే చెకింగులు) మళ్ళీ రెడీ అయ్యేదాకా ఆ టెస్ట్‌తో తలనొప్పే.

ఇక అసలు గ్యారేజ్ సంగతి. ఫోన్‌లోనే చెప్పేశారు, డయాగ్నసిస్‌కి 190 డాలర్లు, ఏదైనా దొరికినా దొరక్కపోయినా ఇవ్వాల్సిందే, రిపేర్ బిల్లులో తగ్గించరు. మనకి ఇది మింగుడుపడని విషయం. ఊళ్ళో మెకానిక్ "చూస్తాలే సార్" అని ఊరికే చూస్తాడు కదా, చూసినందుకు డబ్బులేంటి అనిపిస్తుంది. కానీ ఊరికే చూసేవాడు ఆ డబ్బుని పార్టుల మీద రాబట్టుకోవాలి, దారి అదొక్కటే. ఇక్కడ ఆ అవసరం లేదు కాబట్టి మనిషి తొందరపడలేదు.

మెకానిక్ ఒక పెద్దాయన. మొదట అడిగింది, ముల్లు ఊగుతోందా, బాడీ వణుకుతోందా, రెండూనా? రెండూ అన్నాను. "అయితే రెండు జబ్బులు కావచ్చు, ఒకటే అనుకోకు" అని లాప్‌టాప్ తగిలించాడు. పోర్షేల కోసం వచ్చే డ్యురామెట్రిక్ అనే సాఫ్ట్‌వేర్ అది, ఏ సిలిండర్ ఎన్నిసార్లు మిస్సింగ్ కొట్టిందో విడివిడిగా చూపిస్తుంది. లెక్కలు ఆరు సిలిండర్ల మీదా చెదురుమదురుగా ఉన్నాయి, ఒక్కదాని మీద పడలేదు. అక్కడే కాయిల్స్ కథ సగం చచ్చింది. తర్వాత ఫ్యూయల్ ట్రిమ్, అంటే బండి కంప్యూటర్ పెట్రోలుని మామూలు కంటే ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె. ఐడ్లింగ్‌లో రెండు బ్యాంకులూ (అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు) ప్లస్ 18 శాతం, 2,500కి రేస్ చేస్తే ప్లస్ 4కి దిగిపోయాయి. నా 30 డాలర్ల బ్లూటూత్ అడాప్టర్ కూడా దాదాపు ఇవే అంకెలు చూపించింది ఇంట్లో, కాబట్టి అలాంటిదొకటి కొనిపెట్టుకోండి, ఆ డబ్బుకి దాన్ని మించింది లేదు. దాని అర్థం ఏమిటంటే సెన్సర్ లెక్కలోకి రాని దొంగగాలి ఎక్కడినుంచో ఇంజిన్‌లోకి దూరుతోంది, దాన్ని సరిచేయడానికి ఆ కంప్యూటర్ (ఈసీయూ) పెట్రోలు ఎక్కువ పోస్తోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ కాస్త లీకూ పెద్ద వాటా అవుతుంది, రేస్ చేస్తే అసలు గాలి ముందు అది లెక్కలోకి రాదు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ గానీ పెట్రోలు పంపు గానీ పాడైతే ఎక్కువ గాలి పీల్చే చోట కూడా ట్రిమ్ ఇలా దిగిపోదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండటం కూడా దీనికి సరిపోయింది, స్టార్టింగ్‌లో పెట్రోలు ఎలాగూ ఎక్కువే పోస్తారు కాబట్టి లీకు దాక్కుంటుంది.

ఆ తర్వాత చేసింది నాకు బాగా నచ్చింది. కేమన్‌లో ఇంజిన్ కంటికి కనపడదు, సీట్ల వెనక కార్పెట్ కింద ఉంటుంది, ఆయిల్ పోసే మూత వెనక డిక్కీలో ఉంటుంది. ఇంజిన్ తిరుగుతుండగా ఆ మూత తీశాడు. బాగున్న ఇంజిన్ అయితే మూత తీయగానే బయటి గాలి దూరి తడబడాలి. నాది ఉలుకూ పలుకూ లేదు. ఇంకో మూతకి బెజ్జం పెట్టి పైపు అమర్చుకున్నాడు, దాన్ని బిగించి లోపలి వ్యాక్యూమ్‌ని (గాలిని లోపలికి లాగే బలాన్ని) మానోమీటర్‌తో కొలిచాడు. ఈ బండ్లలో అందరూ ముందు అనుమానించేది ఏఓఎస్‌ని, అంటే క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) గాలిలోంచి ఆయిల్ వేరుచేసి, ఆ గాలిని మళ్ళీ ఇంజిన్ పీల్చుకునేలా పంపే డబ్బాని. అందులో పొర చిరిగితే వ్యాక్యూమ్ విపరీతంగా పెరుగుతుంది, మూత లాగినా రాదు, స్టార్ట్ చేయగానే వెనక తెల్లగా పొగ. నా బండిలో రీడింగ్ పెరగలేదు, ఉండాల్సిన దానికంటే తగ్గింది. అంటే బయటి గాలి ఇప్పటికే క్రాంక్‌కేస్ వైపు ఎక్కడో దూరుతోంది, అందుకే మూత తీసినా కొత్తగా తేడా ఏమీ లేదు. ఒక్క పార్టూ విప్పకుండా ఇంతవరకూ వచ్చాడు.

అప్పుడు పొగ మెషీన్. సీట్ల వెనక కార్పెట్, దాని కింది మూత తీసి, ఇంజిన్ ఆపి, చాలా తక్కువ ప్రెషర్‌తో లోపలికి పొగ వదిలాడు. కాసేపు ఏమీ లేదు. టార్చి నాకిచ్చి పట్టుకోమన్నాడు. ఆయిల్ పోసే గొట్టానికి మధ్యలో ముడతల భాగం ఒకటుంది, ప్లాస్టిక్‌ది, వయసుకి గట్టిపడిపోయింది, దాని మూడో ముడత అడుగునుంచి సన్నటి దారంలా పొగ పైకి లేచింది. వేలితో గొట్టాన్ని కొంచెం పక్కకి వంచితే పగులు నోరు తెరిచి పొగ గుప్పుమంది, వదిలితే మళ్ళీ దారమే. వెంట్రుకంత పగులు. వేడికి మెత్తబడితే ఎక్కువ తెరుచుకుంటుంది కాబట్టే మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆ వేషాలు.

గొట్టం మార్చాక ముల్లు రాయిలా నిలబడింది, ట్రిమ్ రెండు మూడు శాతానికి వచ్చింది, మిస్సింగ్ సున్నా. అయినా సీటు వెనక గుడగుడ పూర్తిగా పోలేదు. ఆయన ముందే అన్నాడు కదా రెండు జబ్బులని. న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి వదిలి చూశాడు, తొక్కితే చప్పుడు మారితే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (ఇంజిన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే బరువైన చక్రం) మీదో గేర్‌బాక్స్ మీదో అనుమానం, మారలేదు. కొద్దిగా రేస్ చేసి 1,100 దగ్గర పట్టుకుంటే వణుకు మాయం. ఇక లిఫ్టు ఎక్కించి చూపించాడు, ఈ బండికి ఇంజిన్ ముందు వైపు ఉండేది ఒకటే మౌంటింగ్ (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ), లోపల ద్రవం ఉండే రకం, రబ్బరు చిరిగి ఆ ద్రవం కారి దుమ్ము పట్టి నల్లగా పేరుకుంది. ఇంజిన్ బాగున్నా దాని సహజమైన ఊపుని బాడీకి చేర్చేది అదే. కోడ్ రీడర్ ఎంత ఖరీదుదైనా చిరిగిన రబ్బరుకి కోడ్ ఇవ్వదు, ఇది రాసిపెట్టుకోండి. అందులో గట్టిగా ఉండే పాలీయురితేన్ ఇన్సర్ట్ (ప్లాస్టిక్ లాంటి ముక్క) వేయించుకోనా అంటే, ట్రాక్ మీద తిప్పేవాళ్ళకి సరే, ఐడ్లింగ్‌లో వైబ్రేషన్ అని వచ్చినవాడికి అది ఎందుకు అని నవ్వాడు. ఒరిజినల్ రకమే వేశారు.

బిల్లు అంతా కలిపి 1,180. మొదటి షాపు ఎస్టిమేట్ కంటే మరీ తక్కువేమీ కాదు, నిజం చెప్పాలి. తేడా ఏమిటంటే అక్కడ ఆ 1,400 పెట్టాక కూడా బండి అలాగే వణుకుతూ ఉండేది.

ఇప్పుడు కోసిన స్టార్. మౌంటింగ్ రావడానికి ఆలస్యమైంది, బండి వీకెండంతా అక్కడే ఉండిపోయింది, ఆ మాట వాళ్ళంతట వాళ్ళు చెప్పలేదు, నేను ఫోన్ చేస్తే వాయిస్ మెయిల్, మెసేజ్ పెడితే మర్నాటి సాయంత్రం "వెయిటింగ్ ఆన్ పార్ట్" అని మూడు ముక్కలు. ఇంత ఓపిగ్గా పని చేసేవాళ్ళకి కస్టమర్‌కి ఒక ఫోన్ చేయడానికి ఏం రోగమో. వెయిటింగ్ రూమ్ అంటే రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. కార్డు వాడితే 3 శాతం ఎక్స్‌ట్రా, అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్తే గేటు దగ్గరనుంచే పంపించేస్తారు, ఆన్‌లైన్‌లో కొన్న పార్టు తీసుకెళ్తే బిగించరు. మా ఆవిడ లెక్క ప్రకారం ఇవన్నీ కలిపి రెండు స్టార్లు పోవాలి.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. కోడ్లు చెరపకుండా, బండి వేడి మీద ఉండగా తీసుకెళ్ళండి, వణుకు ఎప్పుడు వస్తుందో (చల్లగానా, వేడిగానా, ఏసీతోనా, క్లచ్ తొక్కితేనా) రాసుకుని వెళ్తే ఆయన గంట పని అరగంటలో అవుతుంది. నా బండిలో రెండు కాయిల్స్‌కి సన్నటి గీతల్లాంటి పగుళ్ళు కనిపించాయి, ఫోటో తీసి పంపించారు, ప్రస్తుతం మిస్సింగ్ లేదు కాబట్టి వచ్చే ఆయిల్ చేంజ్‌కి చూద్దామన్నారు. అవి ఇంకా అలాగే ఉన్నాయి, మార్చాక ఖర్చెంతయిందో ఇక్కడే కలిపి రాస్తాను.