పీజీ సీటు వరంగల్‌లోనా, ములుగులోనా? ఏది మేలు?

ములుగు జిల్లా ఏటూరునాగారం నుంచి వరంగల్‌కు వంద కిలోమీటర్ల పైనే. ఆ దారంతా 108లో నొప్పులు పడుతూ వచ్చే తల్లుల కోసమే ఇది రాస్తున్నాను. ఏజెన్సీకి స్పెషలిస్టు డాక్టర్లు కావాలంటే సర్కారు డబ్బు ఎక్కడ పెట్టాలి?

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ సీట్లు, అంటే ఎంబీబీఎస్ తర్వాత చేసే స్పెషలిస్టు చదువు సీట్లు, పెంచడం ఒక దారి. 1959 నాటి కాలేజీ, పక్కన ఎంజీఎం పెద్దాసుపత్రి, రోజూ రకరకాల కేసులు. చదువు వరకైతే దీన్ని మించింది మన వైపు లేదు. జిల్లా రెసిడెన్సీ కింద పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో చేయాలి కూడా. కానీ మూడు నెలలంటే సిస్టర్ల పేర్లు తెలిసేసరికి బ్యాగు సర్దుకోవడమే.

జీతం ఎక్కువిచ్చి స్పెషలిస్టును తేవడం ఇంకోటి. తొందరగా అయ్యేది ఇదే. ఆ ఒక్కరు వెళ్లిపోతే మళ్లీ ఖాళీ.

నేను మొగ్గేది మూడోదానికి: జిల్లా ఆసుపత్రిలోనే మూడేళ్ల డీఎన్‌బీ (ఇదీ స్పెషలిస్టు పీజీ చదువే), లేదంటే రెండేళ్ల డిప్లొమా సీట్లు. గైనకాలజిస్టు ఉన్నా మత్తు డాక్టర్ లేకపోతే సిజేరియన్ ఆగిపోతుంది, "వరంగల్ తీసుకపోండి" అంటారు. అక్కడే మత్తు, గైనిక్, పిల్లల విభాగాల్లో పీజీలు ఉంటే, పైన సీనియర్ ఉంటే, అర్ధరాత్రి కూడా ఆపరేషన్ థియేటర్ తెరుచుకుంటుంది. రెండు మూడేళ్లు ఆ ఊళ్లో ఉన్నవాళ్లకు అక్కడి మనుషులు, మాట, జబ్బులు తెలుస్తాయి. అందరూ ఉండిపోరు, కొందరు ఉన్నా చాలు.

చిక్కల్లా నేర్పేవాళ్లతోనే. తగినన్ని పడకలు, కేసులు, సీనియర్లు లేకుండా సీటిస్తే పీజీకీ అన్యాయం, రోగికీ అన్యాయం. భూపాలపల్లిలో 2023లో, ములుగులో 2024లో మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి కాబట్టి ముందు వాటిలో ప్రొఫెసర్ల ఖాళీలు నింపాలి. ఇప్పుడు వరంగల్ పీజీ జిల్లాకు వెళ్తున్నట్టే, జిల్లా పీజీ ఆరు నెలలు ఎంజీఎంకు వచ్చి కష్టమైన కేసులు నేర్చుకోవాలి.

పీజీలకు నెలనెలా ఇచ్చే స్టైపెండ్ సంగతీ ముందే తేల్చాలి. నెలనెలా ఇవ్వండని 2024 జూన్‌లో మన రాష్ట్ర జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకే ఆ టెన్షన్ ఉంటే, ములుగులో సీటు ఎవరు కోరుకుంటారు? అక్కడ చేరే పీజీకి ఒకటో తారీఖున డబ్బు పడాలి, ఆసుపత్రి ఆవరణలోనే భద్రమైన గది ఉండాలి.