రోమ్ వెళ్తే కొలోసియం కంటే ముందు ఫోరం చూడండి

రోమ్ వెళ్ళే మనవాళ్ళు చాలామంది ముందు కొలోసియం చూసి, ఎండలో కాళ్ళు పీకుతుండగా పక్కనే ఉన్న ఫోరంలోకి, అంటే ప్రాచీన రోమ్ నడిబొడ్డు కూడలి శిథిలాల్లోకి వస్తారు. అప్పటికి ఓపిక ఉండదు, ఫోటోలు తీసుకుని బయటపడతారు. పొద్దున్నే గేటు తీయగానే ఫోరంకి వెళ్ళమని నా సలహా. కొలోసియం, ఫోరం, పాలటైన్ కొండ మూడింటికీ కలిపి 18 యూరోల టికెట్, 24 గంటలు చెల్లుతుంది. కొలోసియం టైమ్ స్లాట్ మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి.

లోపలికి వెళ్ళే ముందు కాపిటోలిన్ కొండ మీదికి ఎక్కి కిందికి చూడండి, దానికి టికెట్ అక్కర్లేదు. సెనేట్ కూర్చున్న క్యూరియా, క్రీ.శ. 203 నాటి సెవెరస్ చక్రవర్తి తోరణం, 8 స్తంభాలు మిగిలిన శాటర్న్ గుడి అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ప్రభుత్వ ఖజానా ఆ గుడిలోనే ఉండేది. రోమన్ల బంగారు నాణేలు మన నాగార్జునకొండ తవ్వకాల్లో కూడా దొరికాయి కాబట్టి, దాని ముందు కాసేపు నిలబడాలనిపించింది.

నన్ను ఎక్కువసేపు ఆపినవి బసిలికా జూలియా మెట్లు. అది కోర్టు. పాలరాతి మీద జనం గీసుకున్న ఆటల గళ్ళు ఇంకా ఉన్నాయి, అచ్చం మన గుళ్ళ అరుగుల మీది పులిజూదం గీతల్లాగే. వాయిదా కోసం ఎదురుచూస్తూ ఆడుకున్నారేమో! ఎదురుగా బసిలికా ఎమీలియా నేల మీద చిన్న చిన్న ఆకుపచ్చ మరకలుంటాయి. క్రీ.శ. 410లో గోత్‌లనే జర్మానిక్ తెగవాళ్ళు నగరం మీద పడ్డప్పుడు కాలిన భవనంలో కరిగి రాతికి అంటుకుపోయిన నాణేలవి అంటారు. వంగి చూస్తేనే తెలుస్తాయి.

ఆంటోనినస్ చక్రవర్తి, ఆయన భార్య ఫౌస్టినా పేరిట కట్టిన గుడిని తర్వాత చర్చి చేశారు. దాని తలుపు ఇప్పుడు మనకి అందనంత ఎత్తులో ఉంది. ఒకప్పుడు నేల అంతవరకు పూడిపోయి ఉండేదన్నమాట.

బోర్డులు చూసి అర్థం చేసుకోవడం కష్టం. గైడుకి డబ్బు పెట్టాలంటే కొలోసియంలో కంటే ఇక్కడ పెట్టడమే మేలు. గేటు బయట వెంటపడి టూర్లు అమ్మేవాళ్ళని మాత్రం నమ్మకండి. నీడ తక్కువ, రాళ్ళు ఎగుడుదిగుడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కాపిటోలిన్ మీంచి చూడడమే సుఖం. కుళాయి నీళ్ళు బాగుంటాయి, ఖాళీ సీసా తీసుకెళ్తే చాలు.

బసకి మోంటి అనే పేట అయితే నడిచే దూరం, కానీ ఖరీదు. టెర్మిని స్టేషన్ దగ్గర గదులు చవక, మెట్రోలో రెండో స్టేషనే కొలోసియో. ఆ చుట్టుపక్కల సందడి ఎక్కువ, రాత్రి నిద్ర కష్టమే. అయినా పిల్లలతో వెళ్ళేవాళ్ళకి టెర్మినీయే నయం, అన్నం దొరికే ఇండియన్ హోటళ్ళు అక్కడ ఉన్నాయి. గది అద్దె కాకుండా మనిషికి ఇంత అని సిటీ ట్యాక్స్ విడిగా కట్టాలి, బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోండి.